డొక్కల గుట్ట వెనక ఏడుపు

అచ్చయమ్మ పుట్టి బుద్ధెరిగాక కుక్క మీద రాయెత్తిన మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేసుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది విని, అబ్బో, ఎంత గుండె రాయి చేసుకుందో మహాతల్లి అంటారు. రాయీ లేదు, రప్పా లేదు. భయం, అంతే. కూతురి కడుపుకోత రెండుసార్లు చూసిన తల్లికి పాపమేదో పుణ్యమేదో ఆలోచించే తీరికుండదు.

పెద్ద గాలివాన వచ్చెళ్ళిన మరుసటేడు వేసవి అది. మురమళ్ళకి రెండు మైళ్ళ ఇవతల, కాలవగట్టు దిగువన అచ్చయమ్మ పెంకుటిల్లు. మొగుడు పోయి ఆరేళ్ళయింది. గాలివానకి కూలినవి కూలగా పెరట్లో ఏడు కొబ్బరిచెట్లు మిగిలేయి. అందులో ఒకటి గొడ్డుచెట్టు, ఎన్నడూ పిందె నిలిపి ఎరగదు. ఆ పైన పది కోళ్ళు. ఒక్కగానొక్క కూతురు అమ్మాజీని ఆలమూరు ఇచ్చింది. అల్లుడు రైసుమిల్లులో పని చేస్తాడు, మంచివాడే, వంక పెట్టడానికేం లేదు. అమ్మాజీకి మాత్రం రెండు కాన్పులూ దక్కలేదు. రెండుసార్లూ బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. రెండుసార్లూ పాలు చేపుకొచ్చి, తాగే నోరు లేక, ఆ పిల్ల గోడవైపు తిరిగి కూర్చుని పిండి పారబోసుకుంది. అచ్చయమ్మ పక్కనే చెంబు పట్టుకుని నిలబడింది.

అందుకని ఈసారి మూడోనెల్లోనే అమ్మోరికి పుంజుని మొక్కేసింది. ఎర్రటి డేగ పుంజు. కాలికి పసుపుగుడ్డ కట్టింది. మొక్కిన పుంజుకి మారు లేదు. అది పోతే ఇంకోటి తెచ్చిస్తానంటే కుదరదు. మంత్రసాని వీరాయమ్మ, ఆ ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన మనిషి, ఆ సంగతి మరీ మరీ చెప్పింది.

"జాగర్త అచ్చమ్మా. మొక్కిన పుంజు ప్రాణం ఎవరి ముంగిట పోతే మొక్కు వాళ్ళకే చెల్లుద్ది. బిడ్డ వాళ్ళ చలవతోనే బతకాలి. అమ్మోరి ముంగిట పోతే అమ్మోరు చూసుకుంటాది. ఏ కుక్క నోటో పడిందనుకో..."

"ఊరుకో వీరాయత్తా! శుభమా అని మాట్టాడుకుంటా ఉంటే!" అని కసిరింది అచ్చయమ్మ. కసిరిందే గానీ ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు.

తథాస్తు దేవతలుంటారంటారు చూడండి, అదిగో, అలాగే అయింది. ఎనిమిదో నెల్లో అమ్మాజీ పురిటికొచ్చిందో లేదో కోళ్ళు మాయమవడం మొదలెట్టేయి. ఓనాడు నల్లపెట్ట. మూడోనాడు పొదుగు మీదున్న పెట్ట, గుడ్లతో సహా. అరుపు లేదు, రెక్కల చప్పుడు లేదు. అన్నీ మిట్టమధ్యాహ్నమే, ఊరంతా తలుపులు దగ్గరగా వేసుకుని కునుకు తీసే వేళ. లేచి చూస్తే దడి కింద గుప్పెడు ఈకలు. వీధిలో కుక్కలు నాలుగు. నాలుగూ దొంగవే గానీ ముందుండి నడిపించేది మాత్రం గోధుమరంగు ఆడకుక్క. దానికి ఒక చెవి సగం తెగిపోయి ఉంటాది. దానికి ముద్ద పెట్టేది ఎదురింటి తాతబ్బాయి.

ఆరు కోళ్ళు పోయేక అచ్చయమ్మ వెళ్ళి ఆయన అరుగు ముందు నిలబడింది.

"అన్నయ్యగారూ, మీ కుక్కని కాస్త కట్టేసుకోరూ. పుణ్యముంటాది."

"ఆయ్. మా కుక్కంటే మా కుక్కేం కాదు చెల్లెమ్మగారూ. మిగిలిన అన్నం పారేస్తాం, అది తింటాది. ఇంత ముద్దేసినంత మాత్రాన మనదైపోద్దా అండి?"

"మరెవరిదండీ?"

"వీధిదండి."

"అయితే వీధిలో అందరి కోళ్ళూ తినమనండి. నా కోళ్ళే తీపా దానికి?"

"నోరులేనిది, దానికేం తెలుస్తాదండి. మీరే గూడు గట్టిగా చేయించుకోండి, ఆయ్" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఆయన లోపలికెళ్ళిపోయేడు. మర్యాదకేం లోటు లేదు. ఆ మర్యాద తెచ్చి గూటికి అడ్డం పెట్టుకోవాలి కాబోలు.

దడికి తుమ్మకంప కట్టింది. గూటి తలుపుకి రెండో గొళ్ళెం పెట్టించింది. పుంజుని పగలంతా గంప కింద మూసి, గంప మీద బండరాయి పెట్టింది. అయినా కోడిపుంజు ఎన్నాళ్ళని గంప కింద ఉంటాది? కాసేపు గింజలేరుకోనిద్దామని ఓ మధ్యాహ్నం వదిలి, అరుగు మీద కూర్చుని అమ్మాజీకి తల దువ్వుతోంది. దడి కింద నుంచి ఆ గోధుమరంగు కుక్క పాక్కుంటూ వచ్చింది. చప్పుడే లేదు. ఒక్క ఉరుకు ఉరికి పుంజు తోక పట్టేసింది. అచ్చయమ్మ కేకేసి దువ్వెన విసిరింది. పుంజు గింజుకుని పెంకుల మీదికెగిరింది. కుక్క పారిపోలేదు. నోటినిండా ఎర్రటి ఈకలతో నిలబడి అచ్చయమ్మ మొహంలోకి చూసింది. అచ్చయమ్మ దాని నోరే చూసింది గానీ పొట్టకేసి చూడలేదు. చూసుంటే ఇంత కథే లేకపోను.

"అమ్మా, పుంజుకేం కాలేదు కదా?" అంది అమ్మాజీ, రెండు చేతులూ కడుపు మీద వేసుకుని. దాని పెదాలు తెల్లబడిపోయేయి. ఆ పెదాలు చూసే అచ్చయమ్మ ఖాయం చేసుకుంది.

దాళ్వా పంటకి కొట్టగా మిగిలిన పురుగుమందు అటక మీద సీసాలో ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఎండుచేపల కూర కలిపిన అన్నంలో అది పోసి, కొబ్బరిచిప్పలో పెట్టి దడి సందులో ఉంచింది. నాలుగు కుక్కలూ వస్తాయనుకుంది. ఒక్కటే వచ్చింది. ఎంతో ఆకలి మీదున్నట్టు గబగబా తిని, చిప్ప అడుగు కూడా నాకి, గొడ్డు కొబ్బరిచెట్టు దాకా నడిచి వెళ్ళి అక్కడ పడిపోయింది. ఎంతసేపో తన్నుకుంది. దాని చూపు మాత్రం చివరిదాకా ఇంటి వెనక గోడవైపే ఉంది.

కదలడం మానేసేక అచ్చయమ్మ దాని కాలు పట్టుకుని తిరగేసింది. అప్పుడు చూసింది. పొదుగు నిండుగా ఉంది. చన్నుల్లోంచి పాలు కారి, కింద ఇసుకలో తెల్లగా ఇంకుతున్నాయి.

"బాలింత" అంది పైకే. ఆ మాట విని తనే ఉలిక్కిపడింది. అయ్యో, ఎంత పని చేసేను తల్లీ అని అక్కడే కూలబడింది.

కోనసీమలో చచ్చిన దూడకీ కుక్కకీ చోటు వెతుక్కోనక్కర్లేదు. కొబ్బరిచెట్టు మొదట్లో నడుంలోతు గొయ్యి తీసి, పాతి, నాలుగు దోసిళ్ళు ఉప్పు చల్లితే చెట్టు గెలలు దించుతాది. ఏం పాతేవని అడిగేవాళ్ళే ఉండరు. అచ్చయమ్మా అలాగే చేసింది. కాకపోతే గునపం లేవక, మూరెడు లోతే తవ్వగలిగింది. పైన మట్టి లాగేసి, చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి కూతురి పక్కన పడుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఏడుపు మొదలయింది.

సన్నటి ఏడుపు. కుయ్యి కుయ్యిమని, ఆగి ఆగి. వెనకగదిలో అమ్మాజీ మంచం మీద లేచి కూర్చుంది.

"అమ్మా, ఎవరింట్లో చంటిబిడ్డ?"

"వీధిలో చంటిపిల్లలెవరున్నారే? పడుకో."

"ఏడుస్తోందమ్మా. ఇక్కడే, దగ్గర్లోనే." అని చూసుకుంటే రవిక తడిసిపోయింది. ఇంకా నెలలన్నా నిండలేదు. ఆ ఏడుపు వినపడ్డప్పుడల్లా పాలు చేపుకొచ్చేస్తున్నాయి.

అచ్చయమ్మ కుక్కపిల్లల కోసం వెతికింది. గడ్డిమేటు కింద చూసింది. పశువులపాకలో, కాలవ తూములో చూసింది. ఎటు వెళ్తే ఏడుపు రెండోవైపు నుంచొచ్చేది. పెరట్లోకొస్తే ఇంట్లోంచి, ఇంట్లోకెళితే పెరట్లోంచి. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని తాతబ్బాయినే అడిగేసింది.

"అన్నయ్యగారూ, మీ కుక్క ఈనిందా ఏంటండీ?"

"ఈనిందండి, ఇరవై రోజులయ్యుంటాది. పిల్లల్నెక్కడ పెట్టుకుందో ఎవరికీ చూపించదు. పోయిన రెండు ఈతలూ నేను కాలవలో వదిలేయించేను కదండీ, అప్పట్నుంచీ దాచేస్తాది. ఇంతకీ రెండ్రోజులై అది కనపడ్డం లేదండి. మీకేమన్నా...?"

"నాకేం తెలుసండీ" అని అచ్చయమ్మ వెనక్కి తిరిగింది. అదీ రెండుసార్లు పోగొట్టుకున్నదే అన్నమాట.

వీరాయమ్మ వచ్చి అమ్మాజీ కడుపు తడిమి చూసింది. రవిక చూసింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

"పాలు ఊరికే చేపవే పిల్లా. పసిదాని ఏడుపు వింటే చేపుతాయి. ఎవరి ఏడుపు వింటున్నావు?"

"ఏ ఏడుపూ లేదు వీరాయత్తా, దాని భ్రమ" అంది అచ్చయమ్మ. అంటుండగానే గోడలోంచి కుయ్యిమంది. వీరాయమ్మకి వయసు మీద పడి చెవులు మందం. ఆవిడ విననందుకు అచ్చయమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఆ రోజే ఒక పెట్ట చచ్చింది. మర్నాడు పొద్దున్న మిగిలిన రెండూ. మెడలు వెనక్కి తిరిగిపోయి, కాళ్ళు బిగదీసుకుని, మూడూ ఆ గొడ్డుచెట్టు మొదట్లోనే. పంటి గాటు లేదు, ఈక ఊడలేదు. భూమిలో ఉండి కూడా అది నా కోళ్ళని లాక్కుంటోంది అనుకుంది అచ్చయమ్మ. పుంజుని గంప కింద మూసి, రాయి మీద ఇంకో రాయి పెట్టి, పసుపునీళ్ళు చిలకరించింది. ఇక దాన్ని వదిలేది అమ్మోరి గుడి దగ్గరే.

మూడోనాడు మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, అమ్మాజీకి నొప్పులొచ్చేయి. నెల తక్కువ. వీరాయమ్మ వచ్చింది. నీళ్ళు కాగెయ్యడానికి పెరట్లో పొయ్యి పెట్టింది. రాళ్ళు చాల్లేదని గంప మీదున్న రెండు రాళ్ళూ తెచ్చి పొయ్యికి పెట్టింది. ఆవిడకేం తెలుసు పాపం.

అచ్చయమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. కిటికీ ఊచల్లోంచి గొడ్డుచెట్టు కనపడుతోంది. గంప ఒకవైపు లేచింది. పుంజు బయటికొచ్చి, ఒళ్ళు విదిలించి, తిన్నగా ఆ చెట్టు మొదటికి నడిచింది. మట్టి కెలకడం మొదలెట్టింది. కెలికినకొద్దీ తెల్లటి పురుగులు పైకొస్తున్నాయి. ముక్కుతో ఒక్కోటీ ఏరుకుంటోంది. అప్పుడు తెలిసొచ్చింది అచ్చయమ్మకి. మూరెడు లోతు. కుక్క కడుపులో ఉన్నదంతా ఆ పురుగుల్లోకి, పురుగుల్లోంచి కోళ్ళలోకి వస్తోంది. దెయ్యం కాదు, భూతం కాదు. తను కలిపిన అన్నమే.

"హుష్! హుష్!" అని లేవబోయింది.

"అమ్మా, నా చెయ్యొదలకు. ఒదిలితే చచ్చిపోతాను" అని అమ్మాజీ రెండు చేతులతో పట్టేసుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. బయట పుంజు ఏరుకుతింటోంది. అచ్చయమ్మ కూతురి మొహం చూసి, కిటికీ చూసి, మళ్ళీ కూతురి మొహం చూసింది. కదల్లేదు. ఇక్కడ బిడ్డ తల కనిపించేసరికి అక్కడ పుంజు మెడ వెనక్కి తిరిగింది. కాలికున్న పసుపుగుడ్డ గాల్లో రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

వీరాయమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. నోట్లో ఊదింది. అప్పుడు గోడలోంచి సన్నగా, కుయ్యిమని ఏడుపొచ్చింది. అమ్మాజీ కళ్ళు మూసుకునే నవ్వింది.

"ఏడ్చింది. అమ్మా, నా బిడ్డ ఏడ్చింది. ఇలా ఇయ్యండి." అనేసరికే రెండు రొమ్ములూ ధారకట్టేయి.

ఈసారి వీరాయమ్మ కూడా వింది. గోడకేసి చూసి, అచ్చయమ్మకేసి చూసింది. అచ్చయమ్మ చెయ్యి విడిపించుకుని బయటికి పరిగెత్తింది. ఇంటి వెనక, గోడకానించి కాయలొలిచేసిన కొబ్బరి డొక్కలు నిలువెత్తు గుట్టపోసి ఉంటాయి. తనే పోసింది, వంటచెరుకుకని. తన కూతురి మంచానికీ ఆ గుట్టకీ మధ్య గోడే అడ్డం. రెండు చేతులతో డొక్కలు లాగి పారేసింది. అడుగున గూడు చేసినట్టు బొరియ. చుట్టూ నల్ల ఈకలు, ఎర్ర ఈకలు, గుడ్డు పెంకులు. నాలుగు పిల్లలు. మూడు బిగుసుకుపోయేయి. నాలుగోది తల్లి చన్ను కోసం ఒక డొక్కని చీకుతోంది.

దాన్ని కొంగులో వేసుకుని తిరిగొచ్చేసరికి బిడ్డకి ఊపిరందింది. ఆడపిల్ల. ఊపిరైతే ఉంది గానీ నోరు తెరిచి ఏడ్చే శక్తి లేదు. వీరాయమ్మ చేతులు కడుక్కుంటూ పెరట్లోకి చూసింది. కెలికిన మట్టినీ, పడున్న పుంజునీ, మట్టిలోంచి కనపడుతున్న తెగిన చెవినీ చూసింది.

"మొక్కు చెల్లిపోయింది అచ్చమ్మా. ఎవరికి చెల్లిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంక దాని చలవ." అని చీర సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఎంత నిజమో మర్నాటికే తెలిసింది. బిడ్డ ఏడవదు కాబట్టి అమ్మాజీకి పాలు చేపవు. ఎంత పిండినా చుక్క రాదు. చెంచాతో మేకపాలు పోస్తే బిడ్డ కక్కేసింది. పెరట్లో కుక్కపిల్ల కుయ్యిమన్న మరుక్షణం మాత్రం ధారలు కట్టేవి. బిడ్డ తాగేది. మళ్ళీ కుక్కపిల్ల నోరు మూస్తే ఇక్కడ ఆగిపోయేవి.

కాబట్టి అచ్చయమ్మ కొత్త పని నేర్చుకుంది. మేకపాల చిప్ప పట్టుకుని డొక్కల గుట్ట దగ్గర గొంతుక్కూర్చునేది. కుక్కపిల్లకి వాసన చూపించి చిప్ప వెనక్కి లాక్కునేది. అది ఏడ్చేది. లోపల బిడ్డ గుటకలు వేసే చప్పుడు కిటికీలోంచి వినపడేది. ఆ గుటకలు ఆగేదాకా చిప్ప అందనిచ్చేది కాదు. రోజుకి ఆరుసార్లు. తల్లిని చంపింది చాలక పిల్లని ఏడిపించి తన పిల్లని పెంచుకుంటోంది. "తప్పు నాదేనే తల్లీ, తప్పు నాదే. ఇంకొక్కసారి ఏడువ్" అని బతిమాలుకునేది. అది ఆవిడ వేళ్ళు నాకి, మళ్ళీ ఏడ్చేది.

పురుడు పోసిన పదకొండోనాడు, మధ్యాహ్నం, అచ్చయమ్మ చిప్ప పట్టుకొచ్చేసరికి కుక్కపిల్ల ఏడవలేదు. చిప్ప వెనక్కి లాగింది. ఏడవలేదు. చిప్ప అక్కడే వదిలేసి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. చల్లగా ఉంది.

"అమ్మా" అని కిటికీలోంచి అమ్మాజీ పిలిచింది. "పాప నోరు తెరుస్తోందమ్మా. పెదాలు ఎండిపోయేయి. చేపట్లేదమ్మా. ఆ కుక్కపిల్లేదీ? ఏడవదేం?"

అచ్చయమ్మ చుట్టూ చూసింది. ఎండ. గొడ్డుచెట్టు. కోళ్ళు లేని పెరడు. కొంగు నోట్లో కుక్కుకుంది. గుట్ట వెనక గోడకి ఒదిగి, కళ్ళు మూసుకుని, గొంతులోంచి సన్నగా కుయ్యిమంది. మొదట సిగ్గేసింది. రెండోసారి దుఃఖమొచ్చింది. ఆ పైన అది తను చేస్తున్న చప్పుడో, నిజంగా ఏడుస్తోందో ఆవిడకే తెలీలేదు.

"పాలొచ్చేయమ్మా, వచ్చేయి" అంది లోపల్నుంచి అమ్మాజీ. గుటకలు మొదలయ్యేయి.

అచ్చయమ్మ ఆపలేదు. కాసేపటికి దడి కదిలింది. వీధిలో మిగిలిన మూడు కుక్కలూ తుమ్మకంప కింద నుంచి పాక్కుంటూ వచ్చేయి. మొరగలేదు, గుర్రుమనలేదు. ఆవిడకి రెండు బారల దూరంలో వరసగా కూర్చున్నాయి. చెవులు రిక్కించి ఆవిడ మొహంలోకి చూస్తున్నాయి. కాసేపు విని, అందులో ముసలిది లేచి వెళ్ళింది. ఎదురింటి వైపు గుప్పెడు రెక్కల చప్పుడు అయీ అవనట్టు వినపడింది. తిరిగొచ్చి, నోట్లో ఉన్న పెట్టని అచ్చయమ్మ ఒడి ముందు పెట్టి, వెనక్కి తగ్గి కూర్చుంది. పెట్ట ఇంకా వెచ్చగానే ఉంది.

"చెల్లెమ్మగారూ!" అని దడి అవతల్నుంచి తాతబ్బాయి గొంతు వినపడింది. "మీ పెరట్లో ఏదో కుక్కపిల్ల ఏడుస్తోందండి. మా పెట్టని ఇప్పుడే ఎత్తుకొచ్చేయి కుక్కలు. పెంచుకుంటే పెంచుకోండి గానీ, మీ కుక్కని కాస్త కట్టేసుకోండి మరి! వింటున్నారా?"

అచ్చయమ్మ విన్నది. నా కుక్క కాదని గానీ, నా కుక్కేనని గానీ చెప్పాలంటే నోట్లోంచి కొంగు తియ్యాలి. గోడవతల మనవరాలు ఇంకా తాగుతోంది.

వెచ్చటి పెట్టని ఒళ్ళోకి లాక్కుని, ఆవిడ అలాగే ఏడుస్తూ కూర్చుంది.